ఆసుపత్రిలో మన మాట: శరీర భాగాల పేర్లు, వ్యాధుల పేర్లు

తిరుత్తణిలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలకు ఆసుపత్రి మూడు భాషలు కలిసే చోటు. బాధను ఇంట్లో తెలుగులో చెప్పుకుంటాము. నర్సుకూ వైద్యునికీ తమిళంలో విన్నవిస్తాము. చివరకు చేతికి వచ్చే చీటీ, పరీక్షల నివేదిక ఇంగ్లీషులో ఉంటాయి. ఒక భాష నుండి మరొక భాషకు దాటే ప్రతి చోటా బాధ కొంత రూపు మారుతుంది.

1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి తిరుత్తణి ప్రాంతం నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత పుట్టినవారిలో చాలామంది తమిళ బడిలోనే చదువుకున్నారు. కాబట్టి మనకు తమిళం రాదని ఎవరూ అనలేరు. నిజానికి చిక్కంతా ఆ రావడంలోనే ఉన్నది. బొత్తిగా తెలియని మాట వినబడితే ఆగి అడుగుతాము, చేతితో చూపిస్తాము. మన మాటలాగే వినిపించే మాట వస్తే మాత్రం అర్థమైందనుకొని తల ఊపి ముందుకు పోతాము. ఈ పాఠంలో మొదట అటువంటి మాటలను చూచి, తరువాత శరీర భాగాల పేర్లకు, ఆపైన చీటీలలోని ఇంగ్లీషు మాటలకు వెళ్దాము.

చలి, సళి

కొన్నేళ్ళ క్రిందట మా అమ్మమ్మకు ప్రతి సాయంకాలమూ వణుకు పుట్టి, రెండు దుప్పట్లు కప్పినా ఆగక, ఆ తరువాత జ్వరం కాసేది. ఆసుపత్రిలో ఆమె తనకు వచ్చిన తమిళంలోనే, తెలుగు చలిని కొద్దిగా తమిళం చేసి, ‘సళి, కాయ్‌చ్చల్’ అని చెప్పింది. తమిళంలో సళి అంటే కఫం, జలుబు. వాళ్ళు విన్నది జలుబు, జ్వరం. దానికి తగ్గట్టు దగ్గుమందు, జ్వరం మాత్రలు ఇచ్చి పంపారు. మూడవనాడు మళ్ళీ వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న ఒకావిడ ‘కుళిర్ అని చెప్పండమ్మా’ అన్నది. ఆ మాట వినగానే వైద్యుడు రక్తమూ మూత్రమూ పరీక్షకు పంపించాడు. మూత్రపిండానికి ఇన్‌ఫెక్షన్ సోకిందని తేలింది. ఎవరి తప్పని అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నిజమే చెప్పింది, వాళ్ళు విన్నదానికి సరైన మందే ఇచ్చారు.

తెలుగులో చలిజ్వరం అన్నదానికి తమిళంలో ‘కుళిర్ కాయ్‌చ్చల్’ సరైన మాట. వణుకుతో వచ్చే జ్వరం వైద్యునికి చాలా విలువైన ఆనవాలు. మలేరియా, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్, మరికొన్ని తీవ్రమైన సోకులు అలాగే మొదలవుతాయి. దానిని జలుబుగా చెప్పడమంటే ఆ ఆనవాలును మన చేతులతో మనమే తుడిచివేయడం. కనుక వణుకు ఉంటే ‘కుళిర్’ అనండి. జలుబు ఉంటేనే ‘సళి’ అనండి. రెండూ ఉంటే రెండూ విడివిడిగా చెప్పండి.

ఇంతకన్న ప్రమాదకరమైన జంట ఉబ్బసం, ఉప్పుసం. తెలుగులో ఉబ్బసం అంటే ఊపిరి అందని వ్యాధి, ఆస్థమా. తమిళంలో ‘ఉప్పుసం’ అంటే కడుపు ఉబ్బరం, అన్నం అరగక వచ్చే బిగువు. రెండు మాటలకూ ఉబ్బడమనే భావమే మూలంగా కనిపిస్తుంది. కాని ఒకచోట బాధ రొమ్ములో, రెండవచోట కడుపులో. ఉబ్బసం ఉన్న వ్యక్తి రాత్రివేళ ఊపిరాడక వచ్చినప్పుడు వెంట వచ్చినవారు కంగారులో ‘ఉబ్బసం’ అని మాత్రమే అంటే అది ఎలా వినబడుతుందో ఊహించవచ్చు. అక్కడ ‘ఆస్తుమా’ అనండి, లేదా ‘మూచ్చు తిణఱల్’, అంటే ఊపిరాడకపోవడం, అనండి. పీల్చే మందు వాడుతున్నట్లయితే ఆ పరికరాన్ని చూపించండి. మాటకన్న అది త్వరగా అర్థమవుతుంది.

ఈ ‘మూచ్చు’ అన్న మాటకూ మన మూర్ఛకూ సంబంధం లేదు. మూచ్చు అంటే శ్వాస. తెలుగు మూర్ఛలో మరొక ఇబ్బంది ఉన్నది. ‘మూర్ఛపోయాడు’ అంటే స్పృహ తప్పాడని అర్థం. ‘మూర్ఛ ఉన్నది’ అంటే ఫిట్స్ వ్యాధి అని అర్థం. ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోవడం వేరు, చేతులు కాళ్ళు కొట్టుకుంటూ నోట నురగతో పడిపోవడం వేరు. మొదటిదానికి తమిళంలో ‘మయక్కం’ అనీ, రెండవదానికి ‘వలిప్పు’ అనీ అంటారు. వలిప్పు అన్నచోట సగం మింగి ‘వలి’ అంటే అది వట్టి నొప్పి అయిపోతుంది. కూడా ఉన్నవారు చూచిన దృశ్యాన్ని వర్ణించడం మేలు. ఎంతసేపు స్పృహ లేదు, ఒక చేయి కొట్టుకున్నదా రెండూ కొట్టుకున్నాయా, నాలుక కరచుకున్నారా, తెలియకుండా మూత్రం పోయిందా, లేచిన తరువాత మనుషులను గుర్తుపట్టడానికి ఎంత సమయం పట్టింది. రోగికి తెలియని ఈ సంగతులు చెప్పగలిగినవారు పక్కన ఉన్నవారే.

మోతాదుల దగ్గర కూడా ఒక మాట మనలను తికమకపెడుతుంది. తమిళంలో ‘కాల్’ అంటే కాలు, పావు కూడా. ‘కాల్ మాత్తిరై’ అంటే పావు మాత్ర అని అర్థం. కాలికి మాత్ర అనుకొని పూర్తి మాత్ర మింగే అవకాశం ఉన్నది. ‘ముక్కాల్’ అంటే ముప్పావు, మోకాలు కాదు. మోకాలును తమిళంలో ‘ముళంగాల్’ అంటారు. ‘అరై’ మాత్రం మన అరే. ‘మూణు వేళై’ అంటే మూడు పూటలా అని. గుండె జబ్బులకు, థైరాయిడ్‌కు, పిల్లల జ్వరానికి పావు, అర మోతాదులు తరచుగా వ్రాస్తారు గనుక, మందులు ఇచ్చేవారిని మాత్రను విరిచి చూపమని అడగడంలో తప్పు లేదు.

‘మార్బు’ అన్న మాట వినగానే తెలుగువారికి మార్పు గుర్తుకు వస్తుంది. అది రొమ్ము, ఛాతీ. ‘నోయ్’ అంటే మన నొప్పికి చుట్టమే, కాని అర్థం వ్యాధి. ‘సర్క్కరై నోయ్’ అంటే చక్కెర వ్యాధి, మధుమేహం. ‘ఊసి’ సూది. ‘వీక్కం’ వాపు. ‘పుణ్’ పుండు. ఇవి ఒకసారి వింటే మరచిపోలేని మాటలు, వీటి దగ్గర ఆగవలసిన పని లేదు. ‘వలదు’ అంటే కుడి అని మాత్రం వృద్ధులకు చెప్పనక్కరలేదు. కాడికి కట్టిన ఎద్దులలో కుడివైపుదాన్ని వలపలిది, ఎడమవైపుదాన్ని దాపలిది అనే వాడుక తెలిసినవారికి ఆ మాట ముందే వచ్చు. ‘ఇడదు’ ఎడమ.

ఒక పేరు, పలు చోట్లు

ఇప్పటివరకు చూచినవి భాషల మధ్య పొరపాట్లు. తెలుగులోనే మనం వాడే కొన్ని మాటలు శరీరంలో చాలా చోట్లను ఒకేసారి సూచిస్తాయి. వాటిలో అన్నిటికన్న ముఖ్యమైనది గుండె.

గుండెల్లో మంట, గుండెలు బాదుకోవడం, గుండె దడ, గుండె నొప్పి. వీటిలో గుండెలు బాదుకోవడంలో ఉన్నది ఛాతీ. గుండెల్లో మంటలో చాలాసార్లు ఉన్నది అన్ననాళం, అంటే జీర్ణాశయంలోని పులుపు పైకి తన్నడం. గుండె దడలో ఉన్నదే అసలు గుండె. దీనికి తోడు ‘గ్యాస్ట్రిక్’ అన్న మాట మన ప్రాంతంలో ప్రతి ఇంటా ఉన్నది. గ్యాస్ట్రిక్ అంటే గ్యాస్‌కు సంబంధించినదని అనుకుంటాము. గ్రీకు భాషలో గాస్టర్ అంటే కడుపు. గ్యాస్ట్రిక్ అంటే జీర్ణాశయానికి సంబంధించినదని మాత్రమే అర్థం. గాలికీ దానికీ పుట్టుకలో సంబంధం లేదు. ఛాతీలో ఏ బాధ వచ్చినా ‘గ్యాస్ట్రిక్’ అని మనకు మనమే పేరు పెట్టుకొని, సోడా త్రాగి పడుకోవడంలో ప్రాణాపాయం ఉన్నది.

కొండపైకి ఉన్న 365 మెట్లను తీసుకుందాము. ఎక్కుతూ ఉండగా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు, పట్టి పిండినట్లు అనిపించి, కూర్చోగానే కొద్ది నిమిషాల్లో తగ్గిపోయి, మళ్ళీ ఎక్కితే మళ్ళీ వస్తే అది గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. దానిని వైద్యులు ఆంజైనా అంటారు. కూర్చున్నా తగ్గకుండా, ఎడమ చేతికో దవడకో వీపుకో ప్రాకుతూ, చెమటలు పడుతూ ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేయవలసిందే. మధుమేహం ఉన్నవారికి, వృద్ధులకు, స్త్రీలకు కొన్నిసార్లు నొప్పి ఉండదు. ఆయాసం, వికారం, చెప్పలేని నీరసం మాత్రమే ఉంటాయి. తమిళంలో ‘నెంజు వలి’ అంటే ఛాతీ నొప్పి అని చక్కగా అర్థమవుతుంది. ‘గ్యాస్’ అని మొదలుపెట్టకుండా ‘నెంజు వలి’ అని మొదలుపెట్టి, ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో చెప్పండి. అది గ్యాసా గుండెనా అన్న తీర్పు ఈసీజీ చూచి వైద్యుడు చెప్పవలసినది.

గుండెపోటు, రక్తపోటు అన్న మాటల్లోని పోటు ఒకటే కాదు. మొదటిదానిలో పోటు అంటే పొడిచినట్లు వచ్చే బాధ. రెండవదానిలో సముద్రపు ఆటుపోట్లలోని పోటు వంటిది, ఉరవడి. తమిళంలో దానిని ‘రత్త కొదిప్పు’, అంటే రక్తం ఉడుకు, అంటారు. పోటు అన్నా ఉడుకు అన్నా ఏదో తెలుస్తుందని, తలనొప్పో కోపమో వస్తుందని భ్రమ కలుగుతుంది. అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా పెట్టదు. కొలిస్తేనే తెలుస్తుంది. కొలతలో పై సంఖ్య గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది సంఖ్య గుండె సడలినప్పటి ఒత్తిడి. ఆసుపత్రిలో పలుమార్లు కొలిచినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అధిక రక్తపోటుగా సాధారణంగా లెక్కిస్తారు. ‘నాకు బీపీ ఉన్నది’ అనడం మన వాడుక. బీపీ లేని మనిషి లేడు. ఎక్కువా తక్కువా అన్నది చెప్పాలి, చివరగా కొలిచిన అంకె గుర్తుంటే మరీ మంచిది.

నరం అన్న మాట ఇంకా చిక్కైనది. చేతిపై నీలంగా కనిపించేదీ నరమే, ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు బిగిసేదీ నరమే, ‘నరాల డాక్టరు’ చూచేదీ నరమే. వైద్యంలో ఇవి మూడు వేరు వస్తువులు. నీలంగా కనిపించేది సిర, గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే నాళం. సెలైన్ ఎక్కించేది దానిలోకే. పట్టేసేది సాధారణంగా కండరం, లేదా కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. నరాల వైద్యుడు చూచేది మెదడు, వెన్నుపాము, వాటి నుండి వార్తలు మోసే నాడులు. తమిళంలో ‘నరంబు’ అన్న మాటకూ వాడుకలో ఇదే విస్తారం ఉన్నది గనుక తర్జుమా చేసినా చిక్కు విడదు. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు మగ్గం నేసేవారు మెడనొప్పి, నడుంనొప్పి గురించి ‘నరం లాగుతున్నది’ అని చెప్తారు. అక్కడ వైద్యుడు తెలుసుకోవలసింది ఒక్కటే. నొప్పి ఒకే చోట ఉన్నదా, లేక పిరుదు నుండి పిక్క దాటి పాదం దాకా తీగలా దిగుతున్నదా? తిమ్మిరి ఉన్నదా? పాదం ఎత్తలేకపోతున్నారా? తీగలా దిగడం, తిమ్మిరి, పట్టు తప్పడం నాడి నలుగుతున్నదనడానికి గుర్తులు. మూత్రంపై అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాలు అంటే కూడా అంతే. తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, అరికాలు అని తెలుగులో ఇన్ని చక్కని మాటలు ఉండగా అన్నిటికీ కాలే అంటాము. వేలితో చూపిస్తే చాలు గదా అంటారేమో. ఎదుట ఉన్నప్పుడు చాలు. 108కి ఫోన్‌లో చెప్పేటప్పుడు వేలు కనబడదు.

కడుపు విషయంలో బొడ్డును నడిమి గుర్తుగా పెట్టుకోండి. బొడ్డుకు పైన కుడివైపు పక్కటెముకల కింద కాలేయం, పిత్తాశయం. పైన మధ్యలో జీర్ణాశయం, దాని వెనుక క్లోమం. ఎడమ పక్కన ప్లీహం. వెనుక డొక్కల్లో మూత్రపిండాలు. కింద పొత్తికడుపులో మూత్రాశయం, స్త్రీలకు గర్భసంచి. కింద కుడివైపున ఉండుకం, అంటే అపెండిక్స్. దానికి తమిళం పెట్టిన ‘కుడల్‌వాల్’, పేగు తోక, అన్న పేరు మన ఉండుకం కన్న ఎంతో నయమని ఒప్పుకోవాలి. ఆ వాపును మన పల్లెల్లో ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అంటారు. ఆ పేరు వల్ల ఇరవై నాలుగు గంటలు గడువు ఉన్నదనుకొని ఆగేవారు ఉంటారు. గడువేమీ లేదు. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగి నిలిచిందంటే ఆలస్యం చేయకూడదు.

కామెర్లు ఒక వ్యాధి పేరనే అందరి నమ్మకం. అది ఒక గుర్తు మాత్రమే. కళ్ళు పచ్చబడడానికి కాలేయానికి సోకిన వైరస్ కారణం కావచ్చు, పిత్తనాళంలో అడ్డుపడిన రాయి కావచ్చు, రక్తకణాలు త్వరగా నశించడం కావచ్చు. మూడింటికీ చికిత్స ఒకటి కాదు గనుక, ఆకు పసరుతో వారాలు గడపడం కన్న ముందు రక్తపరీక్ష చేయించుకోవడమే తెలివి.

పక్షవాతం అన్న పేరులో వాతం ఉన్నందువల్ల అది కీళ్ళవాతం వంటిదని, నూనె మర్దనాతో దారికి వస్తుందని కొందరు అనుకుంటారు. పక్షం అంటే ఒక వైపు. శరీరంలో ఒక వైపు పడిపోవడానికి కారణం మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో. మూతి వంకర పోయినా, చాచిన చేతుల్లో ఒకటి వాలిపోయినా, మాట తడబడినా ఆ క్షణం గడియారం చూడండి. గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. ‘చివరిసారి బాగున్నది ఎప్పుడు?’ అన్నదే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న.

కాన్పు గదిలో మాటలు

తెలుగులో నొప్పి వేరు, నొప్పులు వేరు. ‘నొప్పులు వస్తున్నాయి’ అంటే కాన్పు దగ్గరపడిందని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. దానిని తమిళంలో వట్టి ‘వలి’ అంటే ఆ బహువచనంలోని అర్థమంతా జారిపోతుంది. ‘పిరసవ వలి’ అనాలి. వాడుకలో ‘ఇడుప్పు వలి’ అని కూడా అంటారు. ఇడుప్పు అంటే నడుము. అంటే ఏడవ నెలలో వట్టి నడుంనొప్పి ఉన్న ఆమె ‘ఇడుప్పు వలి’ అంటే కాన్పు నొప్పులుగా వినబడవచ్చు. నెల ఎంత, నొప్పి విడిచి విడిచి వస్తున్నదా, ఎన్ని నిమిషాలకొకసారి అని చెప్పడం రెండు పొరపాట్లనూ తొలగిస్తుంది.

‘నీళ్ళు పోయాయి’ అని మొగమాటంగా చెప్పేది ఉమ్మనీరు గురించి. తమిళంలో బిడ్డ చుట్టూ ఉండే నీటి సంచి పేరు ‘పనిక్కుడం’, మంచుకుండ. మన దగ్గర వాడే పేరు కన్న అందమైనది. అది పగిలిందన్న సంగతి నొప్పులు లేకపోయినా వెంటనే చెప్పవలసినది. మాయను తమిళంలో ‘నంజుక్కొడి’ అంటారు. తెలుగులో నంజు అంటే విషం, ఒంటికి నీరు పట్టడం కూడా. ‘నంజుక్కొడి కిందికి ఉన్నది’ అని స్కానింగ్ తరువాత విన్న ఇంటివారు బిడ్డకు విషం తగిలిందని ఏడవనక్కరలేదు. మాయ గర్భసంచి ముఖద్వారం వైపు ఉన్నదని దాని అర్థం. అయితే అది తేలికైన సంగతీ కాదు. అటువంటి గర్భిణికి ఎప్పుడైనా రక్తస్రావం కనిపిస్తే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. బొడ్డుతాడు ‘తొప్పుళ్ కొడి’.

చీటీలోని ఇంగ్లీషు

ఇంగ్లీషు వైద్యపదాలలో ఇంగ్లీషు తక్కువ, గ్రీకు, లాటిన్ ఎక్కువ. కొన్ని తునకలు తెలిస్తే పొడవాటి పేరును విడదీయవచ్చు. తెలుగు ఎం.ఏ.లో చదివిన ‘యకృత్తు’ నాకు ఆసుపత్రిలో ఒక్కసారీ పనికిరాలేదు, కాలేయం అంటేనే ఎవరికీ తెలియదు, లివర్ అనవలసిందే. కాని హెపటైటిస్ అన్న మాటలో ముందున్న గ్రీకు ధాతువూ, మన యకృత్తూ ఒకే పురాతన మాట నుండి వచ్చినవని తెలిసినప్పుడు ఆ పేరు మళ్ళీ మరచిపోలేదు. ఆస్టియో అంటే ఎముక, మన అస్థి. డెంటల్‌లో దంతం ఉన్నది. నేజల్‌లో నాస. కార్డియాక్‌లో హృదయం. ఎనీమియాలో ముందున్న ‘ఎన్’ మన ‘అన్’ వంటిదే, లేదని చెప్పేది. రక్తం లేమి, రక్తహీనత.

పేరు చివర ‘ఐటిస్’ ఉంటే ఆ అవయవం వాచి ఎర్రబడి ఉన్నదని, దానిని శోథ అంటారు. ఆర్థ్రైటిస్ కీళ్ళ శోథ, గ్యాస్ట్రైటిస్ జీర్ణాశయ శోథ. ‘ఎక్టమీ’ ఉంటే కోసి తొలగించడం. ‘స్కోపీ’ లోపలికి చూడడం. ‘గ్రామ్’ బొమ్మ లేదా నమోదు, ‘ప్లాస్టీ’ సరిచేయడం. ఈ చివరి రెండూ కలగలిసి ఇళ్ళలో గొడవలు వస్తాయి. యాంజియోగ్రామ్ రక్తనాళాల బొమ్మ తీయడం. యాంజియోప్లాస్టీ మూసుకున్న నాళాన్ని వెడల్పు చేయడం. మొదటిదానికి సంతకం పెట్టినవారు రెండవది కూడా అయిపోయిందనుకోవడం, లేదా రెండవదానికి సంతకం పెడుతూ బొమ్మే గదా అనుకోవడం జరుగుతున్నది. సంతకానికి ముందు ఆ రెండు తునకలలో ఏది ఉన్నదో చదివించుకోండి.

‘హైపర్’ అంటే ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ. రాతలో ఒకదానిని మరొకటిగా చదవడం తేలిక. హైపర్‌గ్లైసీమియా రక్తంలో చక్కెర పెరగడం, హైపోగ్లైసీమియా తగ్గడం. మధుమేహానికి మందు వాడే వ్యక్తికి అకస్మాత్తుగా చెమటలు, వణుకు, తికమక కలిగితే చక్కెర తగ్గి ఉండవచ్చు. కొలతలో 70 కన్న తక్కువ ఉంటే తగ్గినట్లే. స్పృహలో ఉంటే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. స్పృహ లేకుంటే నోట ఏమీ పోయకుండా 108ని పిలవాలి. ‘షుగరు వచ్చింది’ అన్న మన మాటలో పెరిగిందా తగ్గిందా అన్నది లేదని గమనించండి.

‘అక్యూట్’ అంటే హఠాత్తుగా వచ్చినది, ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నది. క్రానిక్‌ను ‘ముదిరిపోయినది’ అని తెనిగించడం నేను చూచాను. అది తప్పు. దీర్ఘకాలికమైనది తేలికగానూ ఉండవచ్చు. ‘పాజిటివ్’ అంటే మంచి ఫలితం కాదు, వెదికినది దొరికిందని. ‘నెగటివ్’ అంటే దొరకలేదని. ‘బయాప్సీ’ అనగానే కాన్సర్ అని భయపడతారు. తునక తీసి సూక్ష్మదర్శినిలో చూడడం, అంతే. ఆ నివేదికలో ‘బినైన్’ అని ఉంటే కాన్సర్ కాని గడ్డ, ‘మాలిగ్నెంట్’ అని ఉంటే కాన్సర్. కాన్సర్‌కు పాత తెలుగులో రాచపుండు అన్న పేరు ఉన్నది. తమిళ ‘పుట్రు నోయ్’లో ఉన్నది పాముల పుట్ట. రెండు పేర్లూ భయపెట్టేవే గనుక ఇంట్లో రోగి ఎదుట ఇంగ్లీషు పేరు వాడడమే నాకు మంచిదనిపిస్తుంది.

ఎక్స్‌రేలో, స్కాన్ నివేదికలో కుడి, ఎడమ అన్నవి రోగివి, చూచేవారివి కావు. ఛాతీ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టినప్పుడు రోగి కుడి మన ఎడమ చేతివైపు ఉంటుంది. అద్దంలో కాక ఎదుట నిలబడిన మనిషిని చూస్తున్నట్లు అనుకోవాలి.

మందుల చీటీలో ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఏసీ అంటే భోజనానికి ముందు, పీసీ అంటే తరువాత. ఇవన్నీ లాటిన్ మాటల మొదటి అక్షరాలు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. దీనిని రోజూ వేసుకునేవారు చాలామంది ఉన్నారు. 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మాత్రల పట్టీపై కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. దానితో పాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది. రెండు వేరు పట్టీలపై ఒకే పారాసెటమాల్ ఉన్నదంటే రెండూ కలిపి వేసుకోవడం మోతాదు మించడం అవుతుంది.

వెళ్ళే ముందు

మన ఊరి ఆసుపత్రి నుండి తిరువళ్ళూరు వైద్య కళాశాలకు పంపినా, చెన్నైకి పంపినా భాష తమిళమే. తిరుపతికి వెళ్ళినవారికి ఇదే చిక్కు తిరగబడి ఎదురవుతుంది. తమిళ బడిలో చదివిన యువకునికి అక్కడ మూత్రపిండం అంటే తెలియదు, ‘సిరునీరగం’ అంటే వాళ్ళకు తెలియదు. కిడ్నీ అంటే ఇద్దరికీ తెలుస్తుంది. అటువంటి చోట ఇంగ్లీషు మాటను వాడడం భాషాద్రోహం కాదు.

వ్యాధి పేరు మీరు చెప్పనక్కరలేదు. ఎక్కడ, ఎప్పటి నుండి, ఎలాంటి బాధ, ఏమి చేస్తే పెరుగుతుంది, ఏమి చేస్తే తగ్గుతుంది అన్నవి ఒక కాగితంపై తెలుగులోనైనా వ్రాసి పెట్టుకోండి. కంగారులో మరచిపోయేవి అవే. వాడుతున్న మందుల పట్టీలు ఖాళీవైనా సంచిలో వేసుకోండి. ఏ మందు పడదో, దేనికి దద్దుర్లు వచ్చాయో ఆ కాగితం పైనే వ్రాయండి. వైద్యుడు చెప్పినదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడగండి. మాట అందకపోతే ‘తెలుంగు తెరింజవంగ ఇరుక్కాంగళా?’ అనండి. తెలుగు తెలిసినవారు ఉన్నారా అని దాని అర్థం. మన తాలూకాలో ఏ ఆసుపత్రిలోనైనా ఒక నర్సో, మందులు ఇచ్చేవారో, వరుసలో మీ వెనుక నిలబడినవారో ‘నేనున్నాను, చెప్పండి’ అని ముందుకు రావడం తరచుగా జరిగేదే. ఆ కాగితాన్ని వారి చేతిలో పెట్టండి.